అర మాత్ర

“నీకు మోటివేషన్ పోయింది ఉమా, అంతకుమించి ఏం లేదు,” అన్నాడు ఆదర్శ్, ఇడ్లీల మీద కారప్పొడి చల్లుకుని నెయ్యి గిన్నె కోసం చెయ్యి చాస్తూ.

ఆ మాట అన్నప్పుడు ఉమాశ్రీ ఏం చేస్తోందో కూడా చెప్పుకోవాలి కదా! ఒక చేత్తో కూతురు రసజ్ఞ లంచ్ బాక్సుకి మూత బిగిస్తోంది. రెండో చేత్తో అత్తగారి కాఫీలో పంచదార కలుపుతోంది. మోచేత్తో ఫ్రిజ్ తలుపు మూస్తోంది. చెవులు కుక్కర్ కూతలు లెక్కపెడుతున్నాయి. నెయ్యి గిన్నె అతని చేతికి జానెడు దూరంలోనే ఉంది. అయినా దాన్ని అందించింది కూడా ఆమే. మోటివేషన్ పోయిందట! అదేదో ఇంట్లో నిండుకున్న సరుకైనట్టు, ఆదివారం వెళ్లి రెండు ప్యాకెట్లు తెచ్చుకుంటే సరిపోయేటట్టు.

అలాగని అతనేమీ అబద్ధం చెప్పలేదు. ఉమకి ఒళ్లు మండేది అక్కడే. ఏదో పోయిన మాట నిజం. ఆమె సాఫ్ట్‌వేర్ టెస్టర్. ఎవరో నెలల తరబడి కూర్చుని తయారుచేసిన యాప్ జనం చేతుల్లోకి వెళ్లకముందే దాన్ని తిప్పి, బోర్లించి, నానారకాలుగా వాడి తప్పులు పట్టడం ఆమె పని. పదమూడేళ్ల కిందట చేరిన కొత్తలో ఒక తప్పు దొరికిందంటే చాలు, కుర్చీలో కూర్చోలేకపోయేది. అంతమంది కళ్లు కప్పింది తన కంటికి చిక్కిందే అని లోపల్నుంచి నవ్వు తన్నుకొచ్చేది. “తప్పులు పట్టడానికి జీతం కూడా ఇస్తారా? మా ఇంట్లో ఆ పని అందరూ ఊరికే చేస్తారు,” అని జోకులేసేది. ఆ మనిషి ఎప్పుడు ఎటు వెళ్లిపోయిందో ఉమకే తెలీదు. ఇప్పుడు లాప్‌టాప్ తెరవాలంటే చెయ్యి రాదు. పాత ప్రాజెక్టు ఫైలు తీసుకోవడం, పేరు మార్చడం, కొత్త ప్రాజెక్టులో అతికించడం, పంపించడం. ఎవరూ ఏమీ అనరు, ఎందుకంటే ఎవరూ చూడరు. ఆర్నెల్లుగా ఆమె చేస్తున్న పని ఇంతే. నిద్ర లేచినా నిద్రలో ఉన్నట్టే ఉంటుంది.

వైద్యాలకేం తక్కువ లేదు. పొద్దున్నే ఐదింటికి లేచేవాళ్ల జీవితాలే మారిపోతాయని ఎవరో గడ్డంవాడు చెప్పిన వీడియో ఆదర్శ్ పంపించాడు. ఉమ పదకొండేళ్లుగా ఐదింటికే లేస్తోంది. జీవితం మారలేదు గానీ పిండి మారుతోంది, ఒకరోజు ఇడ్లీకి, ఒకరోజు దోసెకి. పుట్టినరోజుకి ఒక అందమైన నోటుపుస్తకం కొనిచ్చి, రోజూ నీకు సంతోషం కలిగించిన మూడు విషయాలు రాసుకో అన్నాడు. మొదటిరోజు రాద్దామని కూర్చుంటే “ఉమా, నా నీలం చొక్కా ఇస్త్రీకి వెళ్లిందా?” అని పిలిచాడు. ఆఫీసువాళ్లు ఒక శిక్షకురాలిని పిలిపించి అందరినీ కళ్లు మూసుకోమని, మీకు ఇష్టమైన చోటు ఊహించుకోమన్నారు. ఉమ కళ్లు మూసుకున్న రెండో నిమిషంలో నిద్రపోయింది. పక్కన కూర్చున్న నవ్య మోచేత్తో పొడిచి లేపేదాకా మెలకువ రాలేదు. ఆ వారం మొత్తంలో ఆమెకి కలిగిన సుఖం ఆ నిద్రే.

ఇక పోయిన ఆదివారం భోజనాల దగ్గర చివరి వైద్యం తేలింది. “కొన్నాళ్లు ఉద్యోగం మానెయ్యి,” అన్నాడు ఆదర్శ్, చాలా ప్రేమగా. “నీ ఆరోగ్యం కోసమే చెబుతున్నా. ఇప్పుడు నోటీసిస్తే మూడు నెలలు. జూన్‌లో రసజ్ఞ ఏడో తరగతి మొదలయ్యేసరికి ఇంట్లో ఉంటావు. అమ్మ మోకాలి ఆపరేషన్ కూడా అప్పుడే పెట్టుకోవచ్చు. నాన్నకి ఎటూ మనిషి తోడు కావాలి.” ఆమె ఆరోగ్యంతో మొదలైన మాట ముగ్గురి అవసరాలు చుట్టబెట్టుకుని ఎంత చక్కగా వచ్చిందో చూడండి! అత్తగారు పుణ్యవతి బీరకాయ ముక్క నములుతూ, “మీ ఇష్టం నాయనా, నేను చెప్పేదేముంది,” అంది. ఈ ఇంట్లో ఆవిడ మీ ఇష్టం అన్నదంటే సంతకం పెట్టినట్టే లెక్క. మామగారు సీతారామయ్య మజ్జిగ పోయమన్నారు. ఉమ తలూపింది. కాదనడానికి కూడా కాస్త ఓపిక కావాలి. ఆ ఓపిక లేదు. సోమవారానికల్లా రాజీనామా మెయిల్ ఆదర్శే ఇంగ్లిష్‌లో రాసి ఆమెకి పంపాడు. “వ్యక్తిగత కారణాల వల్ల” అని మొదలైంది. “గురువారం నాడు మీ యాప్ రిలీజుకి సరేనని చెప్పేసి, సాయంత్రం ఐదులోపు పంపించెయ్. మర్యాదగా ఉంటుంది,” అన్నాడు.

ఆ గురువారమే ఇది.

బాచుపల్లిలో ఏడున్నరకి బయల్దేరిన ఆఫీసు కారు నిజాంపేట దాటడానికే నలభై నిమిషాలు పట్టింది. డ్రైవర్ ఓంకార్ అద్దంలోంచి చూసి, “ఏంది మేడం, తబియత్ మంచిగ లేదా? జర ఏసీ పెంచమంటరా?” అని అడిగాడు. పొద్దుట్నుంచి ఆమెను ఎలా ఉన్నావని అడిగినవాడు అతనొక్కడే. ఏం లేదన్నయ్యా అని కళ్లు మూసుకుంది. రాయదుర్గంలో పద్నాలుగో అంతస్తుకి చేరేసరికి టీమ్ లీడర్ లోహిత్ ఎదురొచ్చాడు. ఎనిమిదేళ్ల కిందట అతనికి పని నేర్పింది ఉమే. ఇప్పుడు ఆమె సెలవు చీటీ మీద అతను సంతకం పెడతాడు. “ఉమగారూ, ఇవాళ మన అజయ్ బర్త్‌డే. కేక్ చెప్పేస్తారా? మీకైతే ఏ ఫ్లేవర్ బాగుంటుందో తెలుస్తుంది. నాలుగింటి కాల్‌కి నోట్స్ కూడా మీరే రాయండి, మీ ఇంగ్లిష్ నీట్‌గా ఉంటుంది,” అన్నాడు. తిట్టినా ఇంత చిరాకు పుట్టదు. ఉమ కేకు చెప్పింది. అనాసపండుది.

వీళ్లు తయారుచేసిన యాప్ మందులు వేసుకోవాల్సిన వేళకి ఫోన్‌లో గుర్తుచేస్తుంది. చెన్నైలోని ఒక పెద్ద ఆస్పత్రి తన పేషెంట్ల కోసం చేయించుకుంటోంది. శుక్రవారం పొద్దున్నే వేలమంది ఫోన్లలోకి వెళ్లాలి. అంతకుముందు గురువారం నాలుగింటికి ఒక కాల్ ఉంటుంది. ఒక్కో విభాగాన్నీ పేరుపెట్టి పిలుస్తారు. సిద్ధమైతే ‘గో’ అనాలి, కాకపోతే ‘నో గో’. ఆ రెండో మాట ఉమ తన మొత్తం ఉద్యోగంలో ఎవరి నోటా వినలేదు. పదకొండు గంటలకి ఆమె తెర మీద యాప్ తెరిచి, పరీక్షకని పెట్టిన ఉత్తుత్తి పేషెంట్ల జాబితాలో చివరి వరసలు టిక్కులు పెట్టుకుంటూ పోతోంది. ఇది అయిపోతే అన్నం తినడం, ఆ తర్వాత గో అనడం, ఐదింటికి మెయిల్.

అప్పుడు ఫోన్ మోగింది. మామగారు.

“అమ్మా ఉమా, గుండెకి వేసుకునే ఆ తెల్ల మాత్ర... ఇవాళ సగమా, ఒకటా?”

“సగమే మామయ్యగారూ. పొద్దున్నే కోసి డబ్బాలో మూడో అరలో పెట్టాను. పూర్తిది వేసుకోకండి, మొన్న డాక్టరుగారు ఎంత చెప్పారు? కళ్లు తిరిగి పడిపోతారు.” గొంతు తగ్గించి, “ఆయన ఇంట్లోనే ఉన్నారుగా, అడగకపోయారా?” అంది.

“వాడు గదిలో తలుపేసుకున్నాడమ్మా. ఏదో ముఖ్యమైన కాల్‌ట. డిస్టర్బ్ చెయ్యడం ఎందుకని నీకు చేశాను.”

ఆదర్శ్ ఇంట్లోంచి పనిచేస్తే పడగ్గది తలుపు మూసుకుంటుంది. ఉమ ఇంట్లోంచి పనిచేస్తే భోజనాల బల్ల మీద, ఉల్లిపాయల బుట్ట పక్కన. ఇరవై కిలోమీటర్ల అవతల ఉన్న ఆమెకి ఫోన్ చెయ్యడం డిస్టర్బ్ కిందకి రాదు. ఎప్పటిలాగే ఆ సంగతి మింగేసి “సరే, నీళ్లు ఎక్కువ తాగండి” అని ఫోన్ పెట్టబోతూ తెరకేసి చూసింది. ఉత్తుత్తి పేషెంటు నంబరు పన్నెండు. పొద్దున్న ఒక మాత్ర. నంబరు పదమూడు. పొద్దున్న ఒకటి, రాత్రి ఒకటి. పద్నాలుగు. రెండు. అన్నీ ఒకట్లూ రెండ్లే. చెవిలో మామగారి గొంతు ఇంకా ఉంది. ఆమె వేళ్లు ఎవరో చెప్పినట్టు మోతాదు దగ్గరకెళ్లి 0.5 అని కొట్టాయి. సేవ్ నొక్కింది. గుర్తుచేసే వేళని ఒక నిమిషం తర్వాతకి మార్చింది. బల్ల మీద పరీక్షకని పెట్టిన ఫోన్ టింగుమంది.

‘సీతారామయ్యగారూ, ఇప్పుడు మీ మాత్ర వేసుకోండి. మోతాదు: 1.’

ఆ పేరు తనే పెట్టిందో, వేళ్లే పెట్టాయో ఆమెకి గుర్తులేదు. మళ్లీ కొట్టింది. మళ్లీ ఒకటే. ఒకటిన్నర కొట్టింది. రెండయింది. అర మాత్ర వేసుకోవాల్సిన మనిషికి ఈ యాప్ పూర్తి మాత్ర వేసుకోమంటోంది, పైగా గారు అని మర్యాదగా పిలిచి మరీ! రేపు పొద్దున్నకల్లా వేల ఇళ్లలో ఫోన్లు టింగుమంటాయి. ఇన్ని నెలలు ఇంతమంది చూసి, ఇది ఎలా తప్పించుకుంది? ఎలా ఏముంది, పేషెంట్ల జాబితాలో అర మాత్రలు లేవు కాబట్టి. ఆ జాబితా రాసిందెవరు? ఫైలు పైన పేరు చూడక్కర్లేదు. ఉమాశ్రీ. ఆర్నెల్ల కిందట పాత విటమిన్ మాత్రల ప్రాజెక్టులోంచి తీసి అతికించింది ఆమే.

నాలుగేళ్లుగా రోజూ ఆరున్నరకి కూరగాయల కత్తితో మాత్రని గీత మీద సరిగ్గా రెండు చేసే మనిషి, పదిన్నరకి ఆఫీసులో కూర్చుని ఒకటి, ఒకటి, రెండు, ఒకటి అని రాసింది. ఎందుకు రాశావే అని తనని తనే నిలదీసుకుంది. జవాబుగా ఒక పాత మాట వినిపించింది. మామగారికి గుండెలో స్టెంట్ వేసినప్పుడు పది రోజులు సెలవు పెట్టి తిరిగొస్తే, అప్పటి మేనేజర్ నవ్వుతూ అన్నాడు: “ఇంటిని సెక్యూరిటీ గేటు దగ్గర వదిలేసి లోపలికి రావాలమ్మా. అప్పుడే ప్రొఫెషనల్ అంటారు.” అవమానం తలకెక్కి ఆమె ఆ పాఠం ఎంత బాగా నేర్చుకుందంటే, ఇంట్లో తనకి తెలిసిందంతా నిజంగానే గేటు దగ్గర దించేసి, ఖాళీ బుర్రతో పైకి రావడం అలవాటు చేసుకుంది. ఇంట్లోనేమో ఆఫీసు సంగతులెత్తితే “అబ్బా, ఇంటికొచ్చాక కూడా అదేనా” అంటారు. అంటే సగం మనిషి ఇక్కడ, సగం మనిషి అక్కడ. ఇక మోటివేషన్ ఎక్కడ ఉంటుంది, నా శ్రాద్ధం! మనిషే లేనిచోట! కోపమొచ్చింది. కోపం వెనకాలే నవ్వొచ్చింది. ఉమ గట్టిగా నవ్వేసింది.

పక్క సీట్లోంచి నవ్య తల తిప్పింది. కరీంనగర్ పిల్ల, ఉద్యోగంలో చేరి ఏడాది. “ఏందక్కా, గిట్ల నవ్వుతున్నవ్? ఏమైంది?”

“నవ్యా, మీ ఇంట్లో మందులు ఎవరు వేసుకుంటారు?”

“మా నానమ్మ. షుగర్, బీపీ, అన్నీ ఉన్నయ్. ఎందుకు?”

“ఎలా వేసుకుంటుందో మొత్తం చెప్పు. డాక్టరు చెప్పినట్టు కాదు, నిజంగా ఎలా వేసుకుంటుందో.”

నవ్య కుర్చీ జరుపుకుని వచ్చింది. ఆ తర్వాత మూడు గంటలు ఎలా గడిచాయో ఇద్దరికీ తెలీదు. నవ్య వాళ్ల నానమ్మ ఒక మాత్రని రోజు విడిచి రోజు వేసుకుంటుంది. వేసి చూశారు. నెలకి ముప్ఫై రోజులుంటే బాగానే ఉంది. ముప్ఫై ఒకటి ఉన్న నెలలో ఆఖరి రోజూ, ఒకటో తారీఖూ వరసగా రెండు రోజులు వేసుకోమంది. “అవ్వల్లా!” అని నవ్య నోటి మీద చెయ్యేసుకుంది. సీతారామయ్యగారు ఫోన్‌లో అలారం మోగితే ఎప్పుడూ ‘కాసేపాగి’ అన్నదే నొక్కుతారు, అది ఆయన స్వభావం. ఉమ కూడా ఆయనలాగే కాసేపాగి, కాసేపాగి అని నొక్కుతూ కూర్చుంది. మూడోసారి మధ్యాహ్నం మాత్రా, పొద్దుటి మాత్రా కలిపి ఒకేసారి వేసుకోమని వచ్చింది. రసజ్ఞకి జ్వరమొస్తే పోసే సిరప్ రెండున్నర ఎం.ఎల్., ఇక్కడ మూడైంది. మందుల షాపువాడు అదే మందు వేరే కంపెనీది ఇస్తాడు కదా, పుణ్యవతిగారు అయితే రెండూ వేరనుకుని ఒకసారి రెండూ వేసుకున్నారు కదా, అది కూడా పెట్టి చూస్తే ఏమవుతుంది? యాప్ కూడా పుణ్యవతిగారిలాగే రెండూ వేసుకోమంది!

ఒక్కొక్కటీ దొరికినప్పుడల్లా ఉమ గుండె దడదడలాడింది. ఈ దడ ఆమెకి తెలుసు. పదమూడేళ్ల కిందటి దడ. వేళ్లు తడబడకుండా పరిగెడుతున్నాయి, బుర్రలో ఒక ప్రశ్నకి ఇంకో ప్రశ్న పుడుతోంది. ఉపవాసం రోజు ‘తిన్న తర్వాత’ మాత్ర సంగతేంటి? ఫోన్ మనవడి చేతిలో ఉంటే? కళ్లద్దాలు కనబడకపోతే? ఇవన్నీ ఏ పుస్తకంలోనూ లేవు. ఏ శిక్షణలోనూ ఎవరూ చెప్పలేదు. పదకొండేళ్లు కాఫీలు కలిపి, మాత్రలు కోసి, అలిగినవాళ్లని బతిమాలి మందు మింగించినందుకు ఎవరూ జీతమివ్వలేదు, సర్టిఫికెట్టూ ఇవ్వలేదు. కానీ ఈ పద్నాలుగో అంతస్తు మొత్తంలో మందు మింగడం అంటే ఏమిటో ఆమెకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలీదు. అజయ్ కేక్ కోశాడు. ఉమ లేవలేదు.

“అక్కా, నువ్వు కిరాక్ ఉన్నవ్ తెల్సా?” అంది నవ్య, తన ప్లేటులోంచి ఒక ముక్క ఆమె నోట్లో పెడుతూ.

మూడున్నరకి లోహిత్‌ని పక్కకి పిలిచి ఐదు తప్పులూ చూపించింది. అతని మొహం పాలిపోయింది. వెంటనే సర్దుకుని, లీడర్లు మాట్లాడే గొంతు తెచ్చుకున్నాడు. “గుడ్ క్యాచ్ ఉమగారూ. కానీ సగం మాత్రలు ఎంతమంది వేసుకుంటారు చెప్పండి? వచ్చే రిలీజ్‌లో సరిచేద్దాం. ఇప్పుడు గో చెప్పేయండి. పైగా...” అని కాస్త ఆగి, “ఆ పేషెంట్ల షీట్ మీరు రాసిందే. మీకే ఇబ్బంది,” అన్నాడు.

బెదిరింపు కూడా ఎంత గౌరవంగా ఉందో! ఉమ సీటుకి వచ్చి కూర్చుంది. గో అంటే సరిపోతుంది. ఐదింటికి మెయిల్ పంపేస్తే ఎవరు అడుగుతారు, ఎవరు రాశారని? మర్యాదగా వెళ్లిపోవచ్చు. ఇంట్లో అందరి ఏర్పాట్లూ చక్కగా సాగుతాయి. ఆదర్శ్ దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది: ‘మెయిల్ గుర్తుందిగా?’

నాలుగింటికి కాల్ మొదలైంది. చెన్నై నుంచి ఆస్పత్రి తరఫున ఒక డాక్టరమ్మ, ఇక్కడి గదిలో పదకొండు మంది. లోహిత్ పేర్లు పిలిచాడు.

“డెవలప్‌మెంట్?”

“గో.”

“సర్వర్లు?”

“గో.”

“టెస్టింగ్... గోనే కదా ఉమగారూ,” అని అతనే జవాబు చెప్పేసి తర్వాతి పేరుకి వెళ్లబోయాడు.

“నో గో,” అంది ఉమ.

లోహిత్ మైక్ మీద చెయ్యి అడ్డం పెట్టి, “ఉమగారూ, తర్వాత మాట్లాడుకుందాం, ప్లీజ్,” అన్నాడు. ఇంతలో డాక్టరమ్మ గొంతు వచ్చింది, “ఆవిడని చెప్పనివ్వండి” అని ఇంగ్లిష్‌లో. ఉమ చెప్పింది. అర మాత్ర సంగతీ, ముప్ఫై ఒకటో తారీఖూ, కాసేపాగీ, సిరప్పూ, రెండు కంపెనీలూ.

డెవలప్‌మెంట్ తరఫున దినేశ్ చిరాగ్గా అన్నాడు, “ఇది చాలా అరుదైన కేసండీ. సగం మాత్ర ఎవరు వేసుకుంటారు?”

“మా మామగారు వేసుకుంటారు. మీ ఇంట్లో ఎవరూ వేసుకోరా?”

“తెలీదండీ, మా ఆవిడ చూసుకుంటుంది,” అన్నాడు దినేశ్, మెల్లగా. గదిలో ఉన్న మిగతా మగవాళ్లలో ముగ్గురు నలుగురు తలలు దించుకుని ఫోన్లు చూసుకున్నారు. వాళ్లకీ తెలీదు.

“నా పేషెంట్లలో సగానికి పైగా ఏదో ఒక మాత్ర విరిచి వేసుకునేవాళ్లే,” అంది డాక్టరమ్మ. “ఇది ముందే ఎందుకు బయటపడలేదు?”

లోహిత్ ఉమకేసి చూశాడు. అందరూ చూశారు. ఈ ఒక్క ప్రశ్నకి భయపడే కదా గో అనేద్దామనుకుంది! చిత్రమేమిటంటే, తీరా అడిగేసరికి భయం లేదు. “పరీక్షకి వాడిన జాబితా నేను రాశాను. పాత ప్రాజెక్టులోంచి తీసి అతికించాను, ఆలోచించకుండా. తప్పు నాదే. కొత్త జాబితా నిజం ఇళ్లు చూసి రాయాలి. రెండు వారాలు పడుతుంది.”

“ఎవరు రాస్తారు?”

“నేను,” అంది ఉమ.

అనేశాక తెలిసింది ఏమందో. ఐదింటికి రాజీనామా పంపాల్సిన మనిషి నోట్లోంచి, ఎవరూ నెట్టకుండా, ఎవరూ బతిమాలకుండా వచ్చింది ఆ మాట. రిలీజ్ రెండు వారాలు వాయిదా పడింది. డాక్టరమ్మ ఉమ పేరు అక్షరాలతో సహా అడిగి రాసుకుంది, రేపట్నుంచి నేరుగా మాట్లాడతానంది. అందరూ లేస్తుంటే లోహిత్ గొంతు సర్దుకుని, “నోట్స్ పంపిస్తారా ఉమగారూ?” అన్నాడు.

“నేను మాట్లాడుతుంటే నోట్స్ ఎవరు రాస్తారు లోహిత్? నువ్వు విన్నావుగా, నువ్వు రాయి,” అంది. ఎనిమిదేళ్ల కిందట అతనికి పని నేర్పినప్పటి ‘నువ్వు’ అది. సరే మేడం అన్నాడు లోహిత్.

ఐదైంది. ఐదూ పది అయింది. ఆదర్శ్ దగ్గర్నుంచి రెండు మెసేజులు, ఒక మిస్డ్ కాల్. ఉమ కిందకి దిగి, ఆఫీసు గేటు బయట బండి దగ్గర నిలబడి నాలుగు మిరపకాయ బజ్జీలు తిన్నది. వేడివేడిగా, నాలుక కాలుతున్నా ఆగకుండా. ఎంత ఆకలేసిందో! ఆకలేయడం ఇలా ఉంటుందని మరిచిపోయింది. మెట్రో స్టేషన్ వైపు జనం ఉరుకులు పరుగులుగా పోతున్నారు, అద్దాల మేడల మీద సాయంత్రపు ఎండ పడుతోంది. రేపు పొద్దున్న అడగాల్సిన ప్రశ్నలు బుర్రలోకి వస్తుంటే బజ్జీల కాగితం మీదే రాసుకుంది. కాగితం నూనెతో నానిపోతే ఇంకోటి అడిగి తీసుకుంది.

ఇంటికి చేరేసరికి ఏడున్నర. పుణ్యవతి సోఫాలో మోకాలికి వేడి కాపడం పెట్టుకుంటోంది. సీతారామయ్య టీవీ ముందు ఉన్నారు. రసజ్ఞ లోపల చదువుకుంటోంది. ఆదర్శ్ తలుపు దగ్గరే అడిగాడు.

“పంపావా? ఫోన్ ఎత్తవేంటి?”

“పంపలేదండీ. పంపను. నేను ఉద్యోగం మానడం లేదు.”

“అదేంటి? అందరం కూర్చుని అనుకున్నాం కదా! నువ్వూ తలూపావు.”

“ఊపాను. కునికిపాట్లు పడేవాళ్లు కూడా ఊపుతారు.” చెప్పులు విప్పి లోపలికి వచ్చింది. గొంతులో కోపం లేదు, అదే అతన్ని కంగారుపెట్టింది. “ఇవాళ మెలకువ వచ్చింది.”

“మరి అమ్మ ఆపరేషను? నాన్న? ఎవరు చూస్తారు?”

“ఇద్దరం చూద్దాం. మీకు ఒక గదీ తలుపూ ఉన్నాయి, దాన్ని అప్పుడప్పుడు తెరవాలి, అంతే. పొద్దున మామయ్యగారు మీరు పక్క గదిలో ఉండగా నాకు ఫోన్ చేశారు, సగమా ఒకటా అని.” ఆదర్శ్ తండ్రికేసి చూశాడు. ఆయన టీవీ సౌండ్ కాస్త తగ్గించారు. “ఆ ఫోన్ వల్లే పెద్ద తప్పు దొరికింది. మా యాప్ అర మాత్రని ఒకటి అని చూపిస్తోంది. రేపు విడుదల కావాల్సింది. నేను ఆపించాను.”

కాపడం పెట్టుకుంటున్న పుణ్యవతి చెయ్యి ఆగింది.

“అంటే ఈయన రెండింతలు వేసుకునేవారన్నమాట!”

“ఈయన కాదత్తయ్యా, మన ఇంట్లో ఆ యాప్ లేదు. ఇంకెవరో. వేలమంది ఈయనలాంటివాళ్లు.”

“వేలమందీ?” ఆవిడ కాపడం సంచీ పక్కన పెట్టేసింది. “నువ్వు ఆపించావా? నువ్వొక్కదానివేనా? ఎలా పట్టుకున్నావే? ఇలా వచ్చి కూర్చుని మొదట్నుంచీ చెప్పు.”

ఉమ నిలబడిపోయింది. ఈ ఇంటికొచ్చి పదమూడేళ్లు. ఎందుకాలస్యమైందని అడిగారు, జీతమెంత పెరిగిందని అడిగారు, సెలవు దొరుకుతుందా అని అడిగారు. ఏం చేశావు, ఎలా చేశావు అని ఒక్కరూ అడగలేదు. ఎప్పుడూ ఈ వేళకి ఆమె వంటింట్లో ఉంటుంది. బియ్యం ఇంకా కడగలేదు.

“ఏవండీ, ఇవాళ అన్నం మీరు పెట్టండి,” అని సోఫాలో అత్తగారి పక్కన కూర్చుంది. “నేను అత్తయ్యకి చెప్పాలి.”

కొడుకు వంటింట్లోకి వెళ్లడమా అని పుణ్యవతి పెదవి కదిలింది. అయినా ఉమకేసే తిరిగి కూర్చుంది. ఆదర్శ్ ఒకరి మొహం తర్వాత ఒకరి మొహం చూసి, ఏదో తమాషా జరుగుతోందన్నట్టు నవ్వబోయి, ఎవరూ నవ్వకపోవడంతో లోపలికి నడిచాడు. గిన్నెల చప్పుడైంది. డబ్బా మూతలు ఒక్కొక్కటే తెరుచుకుని మూసుకున్నాయి. ఉమ పద్నాలుగో అంతస్తు నుంచి మొదలుపెట్టింది, మామగారి ఫోన్, వేళ్లు కొట్టిన 0.5, సీతారామయ్యగారూ అని పిలిచిన యాప్. పుణ్యవతి “ఆఁ?” “అమ్మో!” అంటూ ముందుకి ముందుకి జరుగుతోంది. కథ ‘సగం మాత్ర ఎవరు వేసుకుంటారు’ అన్న దినేశ్ దాకా వచ్చింది.

“ఉమా!” వంటింట్లోంచి కేక. “గ్లాసు బియ్యానికి నీళ్లు ఎన్ని పొయ్యాలి?”

ఆ ప్రశ్నకి జవాబు తెలిసిన ఆడవాళ్లు ఇద్దరూ హాల్లోనే ఉన్నారు. ఇద్దరిలో ఎవరూ లేవలేదు.